అయ్యగారికి గొంతు లేని రెండు నెలలు

ఆ లూథరన్ చర్చిలో, నీరసించిన సంఘానికి మళ్ళీ ప్రాణం పోసే ఉజ్జీవ సభలు పెట్టాలని సంఘ పెద్దలు ఏడాదిగా తలపోస్తున్నారు. రెండు వందల మంది పట్టే గుడిలో నలభై మంది తలా ఒక మూల కూర్చుంటున్నారు. పాటల్లో నీరసం, ప్రార్థనల్లో నిద్రమత్తు. ఆశీర్వాదం అయిందో లేదో ఎవరి గొడుగు వాళ్ళు తీసుకుని, పక్కవాళ్ళ ముఖమైనా చూడకుండా వెళ్ళిపోతున్నారు. పెద్దలు మైకులు మాట్లాడారు, కుర్చీలు మాట్లాడారు, పేరున్న ప్రసంగీకుణ్ణి కూడా ఒప్పించారు. తీరా అన్నీ కుదిరాక పాస్టరు గారి గొంతు పోయింది.

స్వరపేటిక మీద చిన్న కాయ. ఆపరేషన్ చేసి తీసేశారు. రెండు నెలలు నోరు మెదపకూడదనీ, గుసగుసలాడినా గొంతు దక్కదనీ డాక్టరు ఖండితంగా చెప్పాడు. అయ్యగారు మెడలో ఒక పలక వేలాడదీసుకున్నారు. "మళ్ళీ ఒకటో తరగతిలో పడ్డాను" అని దాని మీద రాసి వచ్చినవాళ్ళకి చూపించి, చప్పుడు లేకుండా నవ్వేవారు. సభలు వాయిదా పడ్డాయి. విశ్రాంత పాస్టరు ఒకాయన పొరుగు సంఘం నుంచి నెలకోసారి వచ్చి ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇస్తానన్నాడు. మిగతా ఆదివారాల్లో ఆరాధన క్రమం, అయ్యగారు రాసిచ్చిన ప్రసంగం ఎవరు చదవాలన్నదే ప్రశ్న.

అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఆవిడ ఉచ్చారణ ముత్యాలు పేర్చినట్టుంటుంది, కానీ ఆ ముత్యాలు మూడో బెంచీ దాటి రావు. గుడిలో మైకు కాలిపోయి అప్పటికే మూడు నెలలయింది. అయ్యగారు కళ్ళు చికిలించి గుడి చివరికంటా చూసి, తలుపు పక్క బెంచీ వైపు వేలు చూపించారు.

అక్కడ కూర్చునేది కండక్టరు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సులో చేసి, ఏడాది కిందట రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమె ఉన్నప్పుడు ఆమెకోసం వచ్చేవాడు. ఆమె పోయాక ఆదివారం ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక వస్తున్నాడు. ప్రభు భోజనం మొదలయ్యే ముందు పాటలో లేచి, మెల్లగా బయటికి జారుకోవడం ఆయనకి అలవాటు.

"నేనా? నాకు చదవడం ఏం వచ్చండీ? స్టాపుల పేర్లు అరవడం తప్ప!" అన్నాడు.

"అరవండి" అని పలక మీద రాశారు అయ్యగారు.

మొదటి ఆదివారం నిజంగానే అరిచాడు. సువార్త పాఠం, అధ్యాయం, వచనం అన్నీ బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు. వెనక వరసలో ఎవరో పుస్తకం తెరవడానికి తడుముకుంటుంటే, "త్వరగా, త్వరగా" అని అలవాటు కొద్దీ అనేశాడు. గుడంతా గొల్లుమంది. ఆ గుడిలో నవ్వు వినిపించి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు మాత్రం ఎవరూ కునుకు తియ్యలేదు.

ఆయనకి మాత్రం ఇంకో సంగతి తట్టింది. ఇన్నేళ్ళూ చివరి బెంచీలో కూర్చుని ఆయన చూసినవి వీపులే. ఫలానా నెరిసిన జడ, ఫలానా బట్టతల, అంతే. ఇప్పుడు ముందు నిలబడేసరికి ముఖాలు కనిపించాయి. ఎలక్ట్రీషియన్ కళ్ళ కింద నల్లటి చారలు. పాట పాడకుండా పుస్తకం మాత్రం పట్టుకున్న ముసలాయన. ఎడమవైపు రెండో బెంచీలో మరదలు, అంటే భార్య చెల్లెలు. ఆమెతో ఆయనకి ఆరేళ్ళుగా మాటల్లేవు. ఈ ఆరేళ్ళలో ఆమె ముఖం అచ్చం వాళ్ళక్క ముఖమైపోయింది. చూసిన క్షణాన కండక్టరు చదువుతున్న వరస తప్పి, చదివిందే మళ్ళీ చదివాడు.

ఉద్యోగం వదిలినా తలలు లెక్కపెట్టే బుద్ధి పోలేదు. ముందు నిలబడ్డవాడు ఊరికే ఉండక లెక్కపెట్టాడు, ముప్పై ఎనిమిది. రెండో ఆదివారం ముప్పై ఆరు. ఎవరా ఇద్దరు? సోమవారం ఉదయం ఆచూకీ తీసుకుని, ఆ ఇద్దరిలో ఒకరైన నర్సు ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

"నిన్న ఎక్కలేదేమమ్మా?"

"ఎక్కడికి ఎక్కలేదు?" అందామె బిత్తరపోయి.

"గుడికి."

ఆమె పడీపడీ నవ్వి, తర్వాత ఏడ్చింది. మోకాలు వాచి వారం రోజులుగా మెట్లు దిగలేకపోతోందట. అడిగినవాడు లేడట. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఆమె మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించాడు. ఆ వారం నుంచి ఒకరింటికి ఒకరు వెళ్ళడం మొదలైంది. ఎవరు రాకపోయినా సోమవారానికల్లా తలుపు చప్పుడయ్యేది.

అంతా బాగానే ఉంది. మూడో ఆదివారం పాపపు ఒప్పుకోలు దగ్గర బండి ఆగిపోయింది.

ఆ ప్రార్థన ప్రతి వారం చదివేదే. ఆలోచనల్లో, మాటల్లో, చేతల్లో తప్పామని ఉంటుంది. ఆ వెనక, చెయ్యవలసి ఉండి చెయ్యకుండా వదిలేసినవాటి మాట వస్తుంది. కండక్టరు ఆ వాక్యం మొదలుపెట్టి తలెత్తాడు. మరదలు తిన్నగా ఆయన వైపే చూస్తోంది. ఆమె పెదవులు కదలడం లేదు. ఆయన నోట మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. బస్సు మోత మీద, వాన మోత మీద, మనుషుల కేకల మీద ముప్పై రెండేళ్ళు వినిపించిన గొంతు, చీమ చిటుక్కుమన్నా వినిపించే గుడిలో పెగలలేదు.

టీచరమ్మ అందుకుంది. కూర్చున్నచోటినుంచే, పుస్తకం చూడకుండా ఆ వాక్యం పూర్తిచేసింది. పక్కనున్నవాళ్ళు కలిపారు. కాసేపటికి గుడంతా ఒక్క గొంతుగా ఆ ప్రార్థన చెప్పింది. ఎప్పుడూ గొణిగేవాళ్ళు కూడా ఆ రోజు మాట మాట విడమరిచి చెప్పారు. కండక్టరు పుస్తకం పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు.

సోమవారం ఉదయం ఎవరి తలుపూ కొట్టకుండా తిన్నగా అయ్యగారింటికి వెళ్ళాడు. గుమ్మంలోంచి కూర పోపు వాసన వస్తోంది. ముందుగదిలో ఒకాయన అప్పుడే తన గోడు చెప్పుకుని లేచాడు. గొంతు పోయినప్పటినుంచి అయ్యగారి దగ్గరికి వచ్చేవాళ్ళు రెట్టింపయ్యారని అమ్మగారు అంటూ ఉంటుంది. మధ్యలో ఆపి బైబిలు వాక్యం చెప్పలేరు కదా మరి.

కండక్టరు కూర్చుని, ఎదుటి గోడకేసి చూస్తూ చెప్పాడు.

"మా ఆవిడ జబ్బులో ఉన్నప్పుడు ఆస్పత్రి వరండాలో మా మరదలు నన్ను నిలదీసింది. ఇంట్లో మనిషి మూడు నెలలుగా దగ్గుతుంటే నీకు వినపడలేదా బావా, బస్సు మోతే వింటావా అని. అది నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. మా గడప తొక్కొద్దన్నాను. తర్వాత మా ఆవిణ్ణి ఇంటికి తెచ్చాం. చివరి వారం ఆవిడ మూడుసార్లు అడిగింది, చెల్లిని పిలవమని. మూడుసార్లూ అబద్ధం చెప్పాను. కబురు పెట్టాను, దానికి తీరిక లేదట అన్నాను. ఆ పిల్లకి నేను కబురే పెట్టలేదు. ఆవిడ అదే నమ్మి పోయింది. ఇదంతా ఇవాళ్టిదాకా నా ఒక్కడికే తెలుసు."

అయ్యగారు పలక తుడిచి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి, ఆయనకి ఇచ్చారు. కండక్టరు కళ్ళజోడు సర్దుకుని పైకి చదవబోయాడు. "క్రీస్తు నిమిత్తం నా..."

అయ్యగారు తల అడ్డంగా ఊపి, వేలితో ఆ మాట మీద కొట్టారు. అక్కడ 'నా' అని లేదు, 'నీ' అని ఉంది. పలక వెనక్కి లాక్కుని కింద రాశారు: "ఇది ఎవరికి వాళ్ళు చెప్పుకునేది కాదు. ఇంకొకరి నోట వినాలి." రాసి, లేచి వెళ్ళి వంటింటి తలుపు తట్టారు.

అమ్మగారు చేతిలో గరిటెతోనే వచ్చింది. పలక చూసింది, కండక్టరు ముఖం చూసింది. ఏమీ అడగలేదు. గరిటె ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి చెంగుకి తుడుచుకుని, ఆయన తల మీద పెట్టింది.

"క్రీస్తు నిమిత్తం నీ పాపం క్షమించబడింది" అంది, తప్పిపోయిన పిల్లాడికి ఇంటి దారి చెప్పినంత మామూలుగా. "విన్నావా నాయనా?"

"విన్నానమ్మా."

"అయితే కూర్చో. కూర మాడుతోంది, చూసొస్తాను."

కండక్టరు కూర్చోలేదు. అయ్యగారు పలక మీద ఇంకేం రాస్తారో అని కాసేపు నిలబడ్డాడు. ఆయనేమీ రాయలేదు. ఇంకెక్కడికి వెళ్ళాలో కండక్టరుకే తెలుసు.

మరదలిది కుట్టు దుకాణం. గోడకి వరసగా సగం కుట్టిన బడి చొక్కాలు వేలాడుతున్నాయి. ఆమె పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని బల్ల మీద కాలరు గుడ్డ సర్దుతోంది. బావని చూసి ఒక్కో సూదీ తీసి దిండుకి గుచ్చింది. అన్నీ గుచ్చాక, "ఏంటి?" అంది.

కండక్టరు దారిపొడుగునా కూర్చుకున్న మాటలు వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు. కూర్చోమని ఆమె అనలేదు. నిలబడే చెప్పాడు.

"మూడుసార్లు అడిగిందా?" అందామె చివరికి.

"మూడుసార్లు."

"ఏమని అడిగింది? అదే మాట చెప్పు. నీ మాట కాదు, దాని మాట."

"మొదటిసారి, చెల్లిని పిలవవా అంది. రెండోసారి, అది వస్తే కాస్త తల దువ్వించుకుంటాను అంది. మూడోసారి..." ఆయన బల్ల మీది కాలరు గుడ్డ వైపు చూస్తూ చెప్పాడు. "దానికి తీరికైనప్పుడే వస్తుందిలే, రాలేదని దాని మీద కోపం పెట్టుకోకు అంది."

ఆమె మిషను ముందు కూర్చుని చక్రం మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు. "అడగనే లేదనుకున్నాను" అంది. "ఆరేళ్ళు. నీతో నేను పెట్టుకున్న తగువుకి అక్క కూడా నన్ను వద్దనుకుని పోయిందనుకున్నాను. ప్రభు భోజనానికి వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు, తెలుసా నీకు?"

ఆయనకి తెలియదు. ఎప్పుడూ అంతకుముందే బయటికి వెళ్ళిపోయేవాడు.

"తిట్టు" అన్నాడు.

"తిట్టడానికి కూడా చేతకావడం లేదు. నువ్వు వెళ్ళు బావా. ఇప్పుడు నా ముందు నిలబడకు, వెళ్ళు."

వెళ్ళాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనకనుంచి మిషను చప్పుడు వినపడలేదు.

తర్వాతి ఆదివారం రెండో బెంచీలో ఆమె లేదు. ఆ పైవారం కూడా లేదు. ఇంతమంది తలుపులు కొట్టిన కండక్టరు ఆ ఒక్క తలుపు కొట్టలేకపోయాడు. టీచరమ్మ వెళ్ళింది. వెళ్ళి ఏం మాట్లాడిందో చెప్పలేదు, రెండు చొక్కాలకి బొత్తాలు కుట్టి వచ్చానని మాత్రం చెప్పింది. కండక్టరు చదవడం మానలేదు. ఒప్పుకోలు ప్రార్థనలో ఆ వాక్యం వచ్చినప్పుడు నెమ్మదించేవాడు, గుడి ఆయనకోసం ఆగేది, మళ్ళీ కలిసి కదిలేవారు. లెక్క యాభై ఒకటికి చేరింది. ఉజ్జీవ సభలకి మళ్ళీ తేదీ చూద్దామా అని పెద్దల్లో ఒకాయన అడిగితే, అయ్యగారు పలక మీద "మొదలై ఐదు వారాలయింది కదా" అని రాసి చూపించారు. ఆయనకది అర్థం కావడానికి ఇంటికి వెళ్ళేంత సేపు పట్టింది.

ప్రభు భోజనపు ఆదివారం వచ్చింది. ఆరాధన మొదలైన పది నిమిషాలకి మరదలు లోపలికి వచ్చి, తన చోట కూర్చుంది. కండక్టరు ఆమె వైపు చూడకుండా పాఠం చదవడానికి తంటాలు పడ్డాడు. బలిపీఠం ముందు అడ్డకమ్మీ దగ్గర కొందరు కొందరుగా వచ్చి వరసగా మోకరించారు. ఆయన ఈ చివర, ఆమె ఆ చివర, మధ్యలో తొమ్మిది మంది. విశ్రాంత పాస్టరు ఒణికే చేతులతో రొట్టె ఇస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "నీకోసం" అంటూ వచ్చాడు. ఆరేళ్ళ తర్వాత కండక్టరు చెయ్యి చాపాడు. వరస చివర ఆమె చెయ్యి కూడా చాపిందని తల తిప్పకుండానే తెలిసింది, ముసలి పాస్టరు అక్కడా ఆగి అదే మాట అన్నాడు కాబట్టి.

బయట మెట్ల మీద ఆమే పలకరించింది. "రేపు నాకు పని తక్కువ. ఇంట్లో ఉంటావా?"

"ఉంటాను."

సోమవారం పొద్దున్నే వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళి, "మంచం ఎక్కడుండేది?" అంది.

"ఇక్కడ. తల కిటికీ వైపు."

"కిటికీ తెరిచుండేదా?"

"తెరిచే ఉంచమనేది."

ఆమె కుర్చీ లాక్కుని, మంచం ఉండిన చోట కూర్చుంది. "మొదటినుంచి చెప్పు. ఆ వారంలో ఏ రోజు ఏం తింది, ఏం మాట్లాడింది, అన్నీ. నీకు మంచిపేరు వచ్చేలా చెప్పకు."

ఆయన చెప్పాడు. మధ్యాహ్నం దాటింది. రెండుసార్లు ఆమె ఏడ్చింది, ఒకసారి నవ్వింది కూడా. తెల్లచీర మీద మందు ఒలికితే అక్క డాక్టర్ని తిట్టిన తిట్టు విని.

అంతా అయ్యాక లేచి, ముఖం కడుక్కుని వచ్చింది. "క్షమించానని ఇప్పుడే అనలేను బావా. అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. మాకు తప్పు చేసినవాళ్ళని క్షమిస్తున్నామని ప్రభువు ప్రార్థనలో వారం వారం అంటూనే ఉన్నాం కదా. అనగా అనగా ఏదో ఒకరోజు నిజమవుతుందేమో."

"తొందరేం లేదు" అన్నాడు కండక్టరు.

"నాకుంది" అందామె. వంటింట్లోకి తొంగిచూసి, మాడిన గిన్నెలు చూసి, "ఇదేం కొంప! ఇలాగే తింటున్నావా?" అని కొంగు బిగించింది. ఆయన చీపురు అందుకున్నాడు.