అన్నయ్య గిటారులో ఐదో మెట్టు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి ఎన్నాళ్లయిందో మా ఆయన్ని అడగండి, చెబుతారు. వద్దులెండి, అడగకండి. మొదలుపెడితే ఆపరు. ఆ బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక గిటారు వెల్లకిలా పడుకుని ఉంటుంది. మెడ కింద చుట్టిన తువ్వాలు, పక్కన ఆకురాళ్లు, పటకార్లు, చిన్న సుత్తి, జిగురు సీసా. మేమిద్దరం కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తింటాం. గిటారు మీద ఒక్క మెతుకు పడినా నేను ఇల్లు పీకి పందిరి వేస్తానని ఆయనకి తెలుసు.

నేను పాత గిటార్లు బాగుచేస్తాను. ముఖ్యంగా మెట్లు మారుస్తాను. గిటారు మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కమ్మీలుంటాయే, అవి. ఫ్రెట్లు అంటారు చాలామంది. వీణకి మెట్లున్నప్పుడు గిటారుకి ఎందుకుండకూడదని నేను మాత్రం మెట్లనే అంటాను. ఏళ్ల తరబడి తీగలు ఒరుసుకుని ఒరుసుకుని వాటి మీద గుంటలు పడతాయి. అప్పుడు తీగ మోగాల్సింది పోయి ఈగలా జుయ్యిమంటుంది. పాతవి పీకి, కొత్తవి దిగ్గొట్టి, అన్నీ ఒక మట్టానికి వచ్చేలా ఆకురాయి పట్టి, అంచులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా చేస్తే గిటారుకి మళ్లీ గొంతు వస్తుంది. నా పనికి ఇంతవరకూ వంక పెట్టినవాళ్లు లేరు. ఒకాయన పెట్టబోయాడు గానీ, నా మొహం చూసి మాట మింగేశాడు.

ఊళ్లో వాళ్ల గిటార్లన్నీ మా బల్ల ఎక్కాయి కానీ, మా అన్నయ్య గిటారు మాత్రం మా గడప తొక్కలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అదీ సంగతి. నా పనిని అన్నయ్య 'గీకుడు' అంటాడు. "ఏమే, ఇవాళ ఎవరిది గీకుతున్నావు?" అని అడుగుతాడు వచ్చినప్పుడల్లా. పైగా బల్ల మీదున్న గిటారు తీసి నాలుగు తీగలు మీటి, మొహం చిట్లించి, ఐదో మెట్టు దగ్గర ఏదో తేడాగా ఉందని చెప్పి పెట్టేస్తాడు. ఏ గిటారు ఇచ్చినా అదే మాట. ఒక్కటంటే ఒక్కటి ఆయనగారికి ఆనదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఇంతకీ ఆయన గిటారు ఏమైనా గొప్పదా అంటే, తలుపులూ కిటికీలూ చేసుకునే వడ్రంగి ఒకాయన సరదా పుట్టి జీవితంలో ఒకే ఒక్కటి చేశాడు. ఆ ఒక్కటీ ఇది. అన్నయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు దాన్ని కొనుక్కుని, అప్పటినుంచీ ఇంకోదాని జోలికి పోలేదు.

పగలంతా అన్నయ్య బస్టాండులో అద్దం వెనక కూర్చుని టిక్కెట్లు ఇస్తాడు. అప్పుడు చూడాలి ఆ మొహం, ఆముదం తాగినట్టుంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం పెద్ద హోటల్లో కిటికీ పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తాడు, వదిన పాడుతుంది. ఆ కాసేపూ అన్నయ్య వేరే మనిషి. నవ్వుతాడు, జోకులేస్తాడు, వదిన వంక కొత్త పెళ్లికొడుకులా చూస్తాడు. మధ్యమధ్య ఒక స్వరం దగ్గర అన్నయ్య వేలు కిందనుంచి ఒక చిన్న మూలుగు వస్తుంది. అది వినడానికే వచ్చేవాళ్లున్నారు. వారమంతా ఆ కుర్చీ కోసమే బతుకుతాడు అన్నయ్య. అది నాకు తెలుసు, వదినకి ఇంకా బాగా తెలుసు.

హోటలుకి కొత్త మేనేజరు వచ్చింది. వచ్చీ రాగానే వదినని పిలిచి, గిటారు జుయ్యిమంటోందని భోంచేసేవాళ్లు అంటున్నారనీ, వచ్చే ఆదివారం తానే కూర్చుని వింటాననీ, బాగుంటే సరే, లేకపోతే గోడకి స్పీకర్లు పెట్టించుకుంటాననీ చెప్పింది. వదిన ఇంటికెళ్లి అన్నయ్యకి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో తెలియదు. మర్నాడు సాయంత్రం అన్నయ్య గిటారుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు.

"మెట్లు మార్చు, అంతే. దాని మీద నీ తెలివితేటలు చూపించకు" అన్నాడు.

సరేనన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

పాత మెట్లని వేడిచేసి పటకారుతో ఒక్కొక్కటే పైకి లేపాను. చెక్క చిట్లకుండా మెట్టు లేపడం ముల్లు తీయడం లాంటిది, తొందరపడితే రక్తమే. అన్నీ చక్కగా వచ్చేశాయి. మెట్లు దిగే ఖాళీ గాళ్ల మీద కొలబద్ద పెట్టి చూద్దును కదా, ఐదో గాడి గిటారు తల వైపుకి జరిగి ఉంది. బియ్యపు గింజ వెడల్పంత. తలుపులు చేసే మనిషికి అదో లెక్కా! ఆ మెట్టు మీద పలికే స్వరం పాపం ఇన్నేళ్లుగా రవ్వంత దిగువనే పలుకుతోందన్నమాట.

ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ తప్పు కనబడ్డాక ఊరుకోవడం నా జాతకంలో లేదు. మా ఆయన కంచం ఒళ్లో పెట్టుకుని, బావగారు వద్దన్నారుగా అని గుర్తుచేశారు. వంకరగా ఉన్న గుమ్మంలో మీరు కాపురం చేస్తారా అని ఆయన నోరు మూయించాను. తప్పుడు గాడిని చెక్కపొడి, జిగురు కలిపి పూడ్చేసి, సరైన చోట కొత్త గాడి కోసి, కొత్త మెట్లన్నీ దిగ్గొట్టాను. పూడ్చిన జాడ నాకే కనబడలేదు. ఆ పని చూసుకుని నేను పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు. అన్నయ్యకి చెప్పకుండా ఉంచి, వాయించాక ఆశ్చర్యపోతుంటే చూద్దామనుకున్నాను.

శుక్రవారం అన్నయ్య, వదిన కలిసి వచ్చారు. అన్నయ్య సోఫాలో కూర్చుని ఒక్కో మెట్టూ బొటనవేలితో తడిమి చూసి, పర్వాలేదే అన్నాడు. ఆయన నోట 'పర్వాలేదే' అంటే సన్మానమే. వాయించడం మొదలుపెట్టాడు, వదిన పాట అందుకుంది. జుయ్యిమనడం లేదు, ఒక్కో స్వరం కడిగిన గాజుగ్లాసులా ఉంది. నేను మా ఆయన వంక చూసి కనుబొమలు ఎగరేశాను.

పాట ఆ మూలుగు రావాల్సిన స్వరం దగ్గరికి వచ్చింది. శ్రుతి తప్పి, పుల్లగా పలికింది. వదిన పాట ఆపేసింది. అన్నయ్య మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే, మళ్లీ అలాగే. తీగలు బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ వాయించాడు.

అప్పుడు చూశాను ఆ వేలిని. ఐదో మెట్టు దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య వేలు తనంతట తానే తీగని కాస్త పక్కకి లాగుతోంది. దిగువన ఉన్న స్వరాన్ని లాగి లాగి పైకి తెచ్చుకోవడం ఆ వేలికి వయసుతో పాటు అలవాటైపోయింది. జనం చెవులు కోసుకునే ఆ మూలుగు అదే. ఊరందరి గిటార్లూ ఆయనకి అక్కడే తేడాగా ఉండడానికి కారణమూ అదే. ఇప్పుడు స్వరం సరైన చోట ఉంది, వేలేమో పాత లెక్కనే లాగుతోంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయి కూర్చుంది.

దాచి లాభం లేదు కాబట్టి చెప్పేశాను. అన్నయ్య అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, మా ఇద్దరికీ అది అలవాటే. అరవలేదు. లాగకుండా వాయించడానికి ప్రయత్నించాడు. వేలిని పట్టి ఉంచితే చెయ్యంతా కొయ్యబారిపోయి పాటే మర్చిపోతున్నాడు. పాటలో పడితే వేలు లాగేస్తోంది. కాసేపటికి గిటారు పక్కన పెట్టి, స్పీకర్లే పెట్టించుకోమని మేనేజరుకి చెప్పేద్దామని వదినతో అన్నాడు. టిక్కెట్ల కిటికీ మూసేటప్పటి గొంతుతో అన్నాడు. ఆ కుర్చీ పోతే ఈ మనిషి వారంలో ఏడు రోజులూ అద్దం వెనకే ఉండిపోతాడు, అదీ నా మూలాన.

"గిటారు ఇక్కడే ఉంచు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ రండి" అన్నాను.

వెధవది, మెట్టుని మళ్లీ పాత చోటే పెడదామంటే ఆ గాడి ఎక్కడుందో తెలిస్తే కదా! పూడ్చి, నున్నగా తోమి, మెడ మీది నల్లటి పలకలో కలిపేశాను. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టి వెతికాను. కనబడదే! నా పనితనం మీద నాకే ఒళ్లు మండింది. పోనీ కొలతైనా రాసుకున్నానా అంటే, తప్పుని ఎవరు కొలిచి దాచుకుంటారు? బియ్యపు గింజంత అని కంటితో చూసిన గుర్తే తప్ప ఇంకేమీ లేదు. గింజంతైతే సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా అని మా ఆయన అడిగారు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్న వాళ్లు వచ్చేసరికి ఐదో మెట్టు పీకేసి, ఆ గాడినీ పూడ్చేసి ఉంచాను. అక్కడ పలక నున్నగా, ఖాళీగా ఉంది. మెట్టు కమ్మీ ముక్క ఒకటి తీసుకుని, చెక్కలోకి దిగే అంచుని అరగదీసి, పలక మీద ఊరికే నిలబడేలా చేశాను. దాన్ని తీగల కింద పెట్టి, అటూ ఇటూ టేపు అంటించాను.

"కళ్లు మూసుకో అన్నయ్యా. మెట్టు గురించి ఆలోచించకు. వదిన వంక చూస్తున్నట్టు వాయించు" అన్నాను.

ఆయన వాయించాడు, వదిన సన్నగా పాడింది. ఆ స్వరం పుల్లగానే వచ్చింది. టేపు విప్పి కమ్మీని వెంట్రుకవాసి తల వైపుకి జరిపాను. మళ్లీ వాయించాడు. మళ్లీ జరిపాను. వదిన కళ్లతోనే ఇంకొంచెం, ఇంకొంచెం అంటోంది. మా ఆయన వంటింట్లో కుళాయి కట్టేసి, కదలకుండా నిలబడ్డారు. ఒకచోట కాస్త ఎక్కువ జరిగిపోయింది, స్వరం చతికిలబడింది. వెనక్కి తెచ్చాను. ఈసారి తీగ మూలిగింది. వదిన పాట ఆపకుండా ముందుకి వెళ్లిపోయింది, అన్నయ్య కూడా వెళ్లిపోయాడు. పాట చివరిదాకా వాయించేశాక గానీ కళ్లు తెరవలేదు. నేను అప్పటికే చాకుమొనతో కమ్మీ పక్కన గీత గీసేశాను.

ఇక కొయ్యాలి. రంపం గీత మీద పెట్టాను, చెయ్యి కదలదే! జన్మలో ఎప్పుడూ తెలిసి తెలిసి తప్పుడు చోట రంపం పెట్టినదాన్ని కాదు. ఎవరైనా రేపు దీన్ని విప్పి చూస్తే, ఏ మొద్దు చేతిదో అనుకుంటారు కదా అని ఏడుపొచ్చింది. ఏమైందే అని అన్నయ్య అడిగాడు. ఏమీ లేదని చెప్పి కోసేశాను. మెట్టు దిగ్గొట్టి, మట్టం చూసి, అంచులు తోమి, తీగలు బిగించి ఆయన ఒళ్లో పెట్టాను. అన్నయ్య థాంక్స్ చెప్పే రకం కాదు, చెప్పలేదు కూడా. సాయంత్రం తొందరగా రండి, ముందు బల్ల దొరకదు అని మాత్రం అన్నాడు.

వెళ్లాం. ముందు బల్లే దొరికింది. మేనేజరు పక్క బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. మనిషి చూడ్డానికి కర్ర మింగినట్టుంది. మొదటి పాట సగంలో ఆ స్వరం వచ్చింది. నేను బల్లగుడ్డ గుప్పిట్లో పట్టుకున్నాను. మూలిగింది, సరిగ్గా పాతరోజుల్లోలాగే, కాకపోతే ఇప్పుడు జుయ్యిమనకుండా. వదిన నవ్వుకుంటూ అందుకుంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వస్తుంటే ఆ మేనేజరు లేచి, తనే వెళ్లి తలుపు వేసి వచ్చింది. అప్పుడు వదిలాను బల్లగుడ్డని.

పాటలయ్యాక ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లింది. వచ్చేవారం నుంచి శనివారాలు కూడా రాగలరా అని అడిగింది. వదిన అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ అంతటితో ఊరుకోకుండా, తనూ చిన్నప్పుడు కాస్త నేర్చుకున్నాననీ, ఆ స్వరం దగ్గర మెట్టు కొంచెం పక్కకి ఉన్నట్టుందనీ అంది.

"సరిచేయించుకోవచ్చుగా? ఎవరు చేశారో గానీ చూసుకోలేదు" అంది.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. మామూలుగా అయితే ఆ చెయ్యి విదిలించుకుని ఆవిడ మీదికి వెళ్లేదాన్నే. కానీ ఏం చెప్పుకోను? పక్కకే ఉంది, పెట్టింది నేనే. తల దించుకుని మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

"చూసుకునే పెట్టిందండీ" అన్నాడు అన్నయ్య. గిటారు మెడ పట్టుకుని నా వైపు చూపించాడు. "మా చెల్లెలు. నా చెయ్యి ఎక్కడ పడుతుందో దానికి తెలుసు."