సముద్రం ఉన్న దేశాలు

ఎర్రన్న ఎక్కిన బోటు తుపానులో కనబడకుండా పోయి పది నెలలైంది. "అన్న ఏదో దేశంలో తేలుంటాడొదినా, బెంగెట్టుకోకు" అని మరిది చెప్పిన మాటే పైడమ్మకి ఆధారం. ఆధారమంటే ఎంతని, ముద్ద గొంతు దిగేంత.

ఆ సాయంత్రం టీవీలో ఆసియా క్రీడల ప్రారంభోత్సవం వస్తోంది. మొగుడు సగంలో వదిలేసిన వలను ఒళ్లో వేసుకుని అల్లుతూ, జెండా పట్టుకుని కొత్త దేశం నడిచొచ్చినప్పుడల్లా పైడమ్మ కూతుర్ని అదే అడుగుతోంది.

"దీనికి సముద్రం ఉన్నాదేటే?"

ఎనిమిదో తరగతి చదివే దేవి అట్లాసు చూసి చెబుతోంది. బంగ్లాదేశ్‌కి ఉంది. భూటాన్‌కి లేదు. మయన్మార్‌కి, శ్రీలంకకి, థాయ్‌లాండ్‌కి ఉంది. ఉందన్నప్పుడల్లా పైడమ్మ చేతిలో దారం చుట్టిన వలసూది ఆగిపోయేది. చేతులూపుతూ నవ్వే ఆ దేశపు వాళ్లను, కనుమరుగయ్యేదాకా, తినేసేలా చూసేది.

చివరికి ఆటలు పెట్టిన ఇండోనేషియా వచ్చింది. స్టేడియమంతా లేచి కేకలు వేసింది.

"అయిపోనాయమ్మా. ఇంక దేశాలు నేవు."

పైడమ్మ తలెత్తలేదు.

"ఇన్నిటికి సముద్రం ఉన్నాది కదే. ఒక్కదానికైనా మీ అయ్య అందనేదేటే?"

దేవి అట్లాసు మూసేసింది. సూదిలో దారం అయిపోయింది. పైడమ్మ మళ్లీ చుట్టలేదు.