చక్రాలకు మడి

కిందటి దసరాకు ఆదోనిలో మా అన్న మధ్వేశ్ కొత్త కారు కొన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో శాంతి లేదు. ఆ కారు పూజ రోజు అమ్మ చక్రాలకు కుంకుమ పెట్టబోతే అన్న అడ్డం పడి, చక్రాలను ముట్టుకోరాదు, శాస్త్రం ఒప్పుకోదు అన్నాడు. బడిలో లెక్కలు చెప్పే మా ఆయన నరహరి ఊరుకుంటాడా? అది ఏ శాస్త్రంలో ఉందో చూపించమని పదిమందిలో నిలదీశాడు. వడ్డించిన అన్నాలు చల్లారేదాకా వాదించి గెలిచాడు, కుంకుమ మాత్రం అన్న పెట్టనివ్వలేదు. గెలిచి, ఎమ్మిగనూరుకు బస్సులో నిలబడి తిరిగొచ్చాడు.

ఆ నిలబడటమే ఆయన మనసులో ముల్లయింది. ఏడాది తిరక్కుండా బళ్లారి నుంచి ఒక పాత కారు తెచ్చాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారే, అదీ సంగతి. పాతదైతే పాతదని చెప్పొచ్చు కదా. ఫోన్లో మా అన్నకు కొత్తదని చెప్పేశాడు. అమ్మినవాళ్ళు పాలిష్ కొట్టించి ఇచ్చారు గనక పైపైన చూస్తే నమ్మొచ్చు. చక్రాలు మాత్రం అబద్ధం చెప్పలేకపోయాయి. వెలిసిపోయి, గీతలు పడి, ఉప్పునీళ్ళు పోసే బిందెల్లాగా తెల్లగా చారలు కట్టి ఉన్నాయి.

ఇంతలో అన్న ఫోన్ చేశాడు. గురువారం అమ్మను వెంటబెట్టుకుని వస్తాడట. కొత్త కారుకు పూజ చేసి, అందులోనే అందరం మంత్రాలయం వెళ్దామన్నాడు. ఆ మాట వినగానే మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ చక్రాలు చూసినాడంటే మీ యన్న బతికినన్నాళ్ళు నన్ను ఎగతాళి చేస్తాడు" అన్నాడు.

బుధవారం బడికి సెలవు పెట్టి, చక్రాలకు రంగు వేయడం ఎట్లాగో సెల్‌ఫోన్లో వీడియో చూస్తూ వాటిని ఊడదీశాడు. దేవుడి పాత్రలు తోమడానికి నానబెట్టిన చింతపండంతా వాటికే అర్పించాడు. ఉప్పు కాగితంతో గరగరా రుద్ది, అడుగుపూతగా ప్రైమర్ కొట్టాడు. టైరుకు రంగు అంటకుండా రిమ్ము అంచు చుట్టూ పేకముక్కలు దోపాలని వీడియోలో చెప్పారు. పేకాట మాట వింటేనే చెవులు మూసుకునే మనిషి, పక్కింటి దేవేంద్రప్పను బతిమాలి పేకకట్ట పంచెలో దాచుకొచ్చాడు. వెండిరంగు స్ప్రే కొట్టి, చక్రాలను వసారాలో పీటల మీద పెట్టాడు. ఇక ఇంట్లో నా మడి పోయి చక్రాల మడి వచ్చింది. వాటిని ముట్టుకోరాదు, అటు వెళ్ళరాదు, అటు తిరిగి తుమ్మరాదు. రంగు గట్టిపడటానికి రెండు రోజులు పడుతుందని డబ్బా మీద రాసి ఉంది. ఏడాదంతా ఎండలతో చంపే మా ఊరికి ఆ పూటే ముసురు పట్టింది.

గురువారం పొద్దున ఆయన చక్రాలు బిగించి లేచేసరికి అన్న, అమ్మ కారు దిగారు. అమ్మ పసుపు కుంకుమల గిన్నె తీసుకుని నేరుగా చక్రం ముందు కూర్చుంది. మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. రంగు ఆరలేదంటే కారు కొత్తది కాదని తెలిసిపోతుంది. ముట్టుకోరాదని శాస్త్రం చెబుదామంటే, ఆ శాస్త్రాన్ని పదిమందిలో పాతిపెట్టింది తానే. నాకు నవ్వు వచ్చింది, జాలీ వేసింది. అమ్మ బొటనవేలు మెత్తగా రంగులోకి దిగింది. కుంకుమ బొట్టు అక్కడే అతుక్కుపోయింది.

"నరహరీ, ఈ చక్రం చేతికి అంటుకుంటాంది గదప్పా" అంది అమ్మ, వెండి వేలు చూసుకుంటూ.

కొత్తవి మొదట్లో అట్లే ఉంటాయని ఆయన గొణిగాడు. అప్పుడే మా అన్న వంగి, టైరు సందులోంచి ఏదో పీకాడు. ఒకవైపు వెండిరంగు, తిప్పితే ఇస్పేటు రాణి. మా ఆయన తల వంచుకున్నాడు. అన్న ఆ ముక్కను చప్పుడు చేయకుండా జేబులో వేసుకుని, ఆయన చెవి దగ్గరికి వచ్చాడు. పక్కనే ఉన్నాను గనక నాకూ వినిపించింది.

"తొందరపడితివి బావా. నా కారు చక్రాల రంగూ ఆ పొద్దు తడిగానే ఉండె. అందుకే గదా శాస్త్రం చెప్పింది."

మా ఆయన మెల్లగా తలెత్తాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఇద్దరూ ఒకరినొకరు అంత ప్రేమగా చూసుకోవడం నేనెరగను. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ కారు పేరు చెప్పి ఏడాదిగా ఈ ఇంట్లో తిన్న అన్నం ఒంటబట్టలేదు. తీరా చూస్తే పులివీ పూసుకున్న వాతలే.

అన్న కారు వీధిలోనే ఉంది. చక్రాల మీద రంగు అక్కడక్కడ పొట్టులాగా లేస్తోంది. ఇన్నాళ్ళూ దగ్గరికి పోనిస్తే కదా తెలిసేది. నేను అమ్మ చేతిలోని గిన్నె అందుకున్నాను.

"అమ్మా, ఆ పొద్దు అన్న కారు చక్రాలకు కుంకుమ పెట్టనేలేదు గదా. రా, ఈ పొద్దు పెడదాం."

అమ్మ సంతోషంగా లేచింది. అన్న ముఖం పాలిపోయింది. అప్పుడు లెక్కల మాస్టారు నరహరి గబగబా వచ్చి మా ఇద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు.

"చక్రాలను ముట్టుకోరాదు" అన్నాడు. "శాస్త్రం ఒప్పుకోదు."