నూట పన్నెండో పేజీలో కొండల్

సాయంత్రం నాలుగింటిలోగా పద్మలత చేయాల్సినవి: టేపుల్లోని మాటలను రాతతో సరిచూడాలి. ఫొటోల కింద ఊర్లు రాయాలి. వేలిముద్రలు వేసిన అంగీకార కాగితాలు వరుసలో పెట్టాలి. చెప్పినవాళ్ల పేర్లు, వాళ్ల మాటల్లో వచ్చినవాళ్ల పేర్లు అన్నీ మార్చాలి.

మానవశాస్త్ర, చరిత్ర సంస్థలో ఆమెది ఏడాది కొలువు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆ కార్మికుల మీద సంస్థ వేస్తున్న పుస్తకం అవాళే ప్రెస్సుకు పోవాలి.

"అసలు పేర్లు ఉండొద్దు, అది నియమం," అన్నారు పుస్తకం పని చూసే భానుప్రసాద్ సార్. "అట్లని కొత్తవి పుట్టించకు. ఆ ఊరి పేర్లే ఒకరిది ఒకరికి పెట్టు."

పద్మలతకు దేవవ్వ గుర్తొచ్చింది. ఆమె కొడుకు కొండల్, యజమాని సాంబయ్య సాంచాల షెడ్డులో పనిచేస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు. తీగలు బయటపడ్డాయని కొండల్ మూడుసార్లు చెప్పినా సాంబయ్య బాగు చేయించలేదు. పైగా తాగి పడ్డాడని ఊరంతా చెప్పాడు. నాలుగేళ్లు నోరు మెదపని దేవవ్వ, ఒక్క మాట తీసుకుని టేపు ముందు కూర్చుంది.

"నా కొడుకు పేరు బుక్కుల రావాలె బిడ్డా. గంతే."

"వస్తది అవ్వా," అని పద్మలత చేతిలో చెయ్యేసింది.

ఇట్లా మార్చినా కొండల్ పేరు ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అని ఇప్పుడు ఊపిరి పీల్చుకుంది. జాబితాలో రెండేసి పేర్లు పట్టుకుని అటుదిటు, ఇటుదటు చేసుకుంటూ పోయింది. ఏది ఎవరికి పడిందో చూసుకునే తీరిక లేదు.

పుస్తకం ఆవిష్కరణ దేవవ్వ ఊళ్లోనే, కార్మికుల సంఘం భవనంలో. అప్పుడే విప్పిన కట్టలోంచి ఒక ప్రతి తీసి, పద్మలత ఆ ఒక్క పేరునే వెతికింది. నూట పన్నెండో పేజీలో దొరికింది. దేవవ్వ వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. చదువురాని ఆ ముసలామె అక్షరాలను నిమిరింది.

వెనక కుర్చీలో సాంబయ్య పకపకా నవ్వాడు. అతని చేతిలోనూ అదే పేజీ.

"ఓ దేవవ్వా, జర ఇను! 'తీగలు బాగు చేయించని యజమాని కొండల్. చనిపోయిన కార్మికుడు సాంబయ్య.' సదువుకున్నోళ్లు రాసిన్రు మరి. ఇప్పుడు జెప్పు, ఎవలు ఎవల్ని సంపిన్రు?"

నలుగురు నవ్వారు.

"గిట్ల రాసినవా బిడ్డా?" అంది దేవవ్వ. వేలు ఇంకా పేరు మీదే ఉంది.

పద్మలత సార్ దగ్గరికి పరుగెత్తింది.

"పేర్లు కల్పితమని మొదటి పేజీలో ఉంది కదమ్మా," అన్నారాయన చాయ్ తాగుతూ. "లైబ్రరీలకు ప్రతులు పోయినయ్. పద్ధతి బాగుంది, వచ్చే పుస్తకానికీ ఇట్లనే చెయ్."

తిరిగి వచ్చేసరికి కుర్చీలో పుస్తకం ఉంది. దేవవ్వ లేదు.

ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికొస్తే నూట పన్నెండో పేజీ తీయండి. సాంబయ్య చనిపోయాడని ఉంటుంది. చనిపోయింది కొండల్. తాగి లేడు. దేవవ్వ కొడుకు. జర గుర్తుపెట్టుకోండి.