ఉతకడం అయిపోయింది

“వారానికి రెండు రోజులు నువ్వక్కడికి పోతే ఇంట్లో బట్టల సంగతేంటి?” అన్నాడు మా ఆయన విల్యెం, ఆదివారం సూప్ చల్లారబెట్టుకుంటూ.

ఫ్యాక్టరీలో రిటైరై అప్పటికి నాకు నాలుగు నెలలు. మంగళవారం, గురువారం వచ్చి కొత్తగా చేరిన అమ్మాయిలకు రాయడం నేర్పమని కబురొచ్చింది. వెళ్ళాలని నాకెంత ఉందంటే, కబురొచ్చిన రోజే బస్సు వేళలు చూసుకున్నాను. ఆయన మాటకి కోపం రావాలి గదా, రాలేదు. నవ్వొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు నేను రాసినవి బట్టలుతికే మెషీన్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకాలే మరి. తలుపు ఎలా తీయాలి, సబ్బుపొడి ఎక్కడ పోయాలి, ఏ బటన్ నొక్కాలి, అవన్నీ నా మాటలే.

నేను చదివింది ఎనిమిదో తరగతి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ ఫ్యాక్టరీలో మెషీన్లకు తలుపులు బిగించే పనికి కుదిరాను. ఒకరోజు ఇంజనీరు కోలెంత్స్ వచ్చి, మా వరుసలో అందరికంటే తక్కువ చదివింది ఎవరని అడిగాడు. పక్కనున్న ఆడవాళ్ళు నన్ను చూపించి కిసుక్కున నవ్వారు. ఆయన నన్ను గోదాము వెనక ఒక గదికి తీసుకుపోయాడు. అక్కడో కొత్త మెషీన్, ఇంకా అచ్చుకాని పుస్తకం. ఇది చదివి, అందులో చెప్పినట్టు చెయ్యి, ఎవరినీ ఏమీ అడక్కు అన్నాడు. ఈ పిల్లకర్థమైతే దేశంలో ఎవరికైనా అర్థమవుతుందని వెనక్కి తిరిగి ఎవరితోనో అనడం కూడా వినబడింది.

మొదటి పేజీలోనే ఆగిపోయాను. “ప్రక్షాళన ప్రక్రియ ప్రారంభించబడును” అని ఉంది. ఎవరు ప్రారంభిస్తారు, నేనా, అదా? కోలెంత్స్ ఉండబట్టలేక, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టబోయాడు. అప్పుడు ఈ పుస్తకాలు రాసే ఆఫీసు పెద్దావిడ హెర్మీనా గారు ఆయన్ని గద్దించింది. ఆవిడ నియమం ఒకటుంది. పరీక్ష చూసేవాళ్ళు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. నోరు విప్పకూడదు. అంత పెద్ద ఇంజనీరు బడిపిల్లాడిలా చేతుల మీద కూర్చున్నాడు. నేను తప్పు బటన్ నొక్కాను, నీళ్ళు నేల మీదికి వచ్చాయి, ఏడుపొచ్చినంత పనైంది. హెర్మీనా గారు పెన్సిల్ తీసి పుస్తకం అంచులో ఏదో గీసింది.

“ఏడవకు పిల్లా. తప్పు నీది కాదు, కాగితానిది,” అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. అదేదో చేతిలో కోడిపిల్లని తెచ్చినట్టు, నలగకుండా తెచ్చాను. అప్పటికి పెళ్ళై ఏడాది. సూప్‌లో ఉప్పెక్కువైతే తప్పు నాది. చొక్కా కాలరు మెత్తబడితే తప్పు నాది. మా అత్తగారైతే వాన పడి గడ్డి తడిసినా నా వైపే చూసేది. మన తప్పు కాకుండా ఉండే చోటు ఒకటి భూమ్మీద ఉందని నాకు తెలిసింది ఆ గదిలోనే. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారా అని చూసేదాన్ని.

పిలిచారు. నాలుగేళ్ళు పరీక్షలకు కూర్చున్నాక, ఇలా కాదు ఇలా రాయండని నేనే చెప్పడం మొదలుపెట్టాను. “తలుపు మూయండి. టక్కుమని చప్పుడు రావాలి.” ఇంతే. ఆ టక్కుమనే చప్పుడు కోసం ఇంజనీర్లు నాతో రెండు వారాలు పోట్లాడారు. హెర్మీనా గారు నన్ను ఆఫీసులోకి తీసుకుంది. కాగితాల్లో మాత్రం పంతొమ్మిదేళ్ళు నేను టైపిస్టునే. నేను రాసిన పేజీల మీద సమావేశం జరుగుతుంటే కాఫీలు నేనే తీసుకెళ్ళేదాన్ని, చర్చంతా తలుపు సందులోంచి వినేదాన్ని. పుస్తకానికి బొమ్మలు గీసే హెర్మన్, బటన్ నొక్కే చెయ్యి గీస్తే దానికి ఎప్పుడూ పొడుగు గోళ్ళు, రంగు వేసేవాడు. ఆ గోళ్ళతో ఫిల్టరు మూత తిప్పి చూపించు నాయనా అన్నాక, గోళ్ళు కత్తిరించాడు. కంప్యూటర్లొచ్చాక పేజీ ఎలా కనబడాలో కూడా నేనే కూర్చేదాన్ని. నా మాటలు పద్నాలుగు భాషల్లోకి పోయాయి. ఎక్కడో పోర్చుగల్లో ఒకావిడ నా టక్కుమనే చప్పుడు కోసం చెవి పెట్టి వింటోందని తలుచుకుంటే భలే ఉండేది.

ఇంట్లో మా ఆయన మాట ఒకటే. “వాటినెవరు చదువుతారే? మెషీన్ విప్పగానే పొయ్యిలోకే గదా.” ఊరి ఫైర్ దళంలో ఆయన ఉపనాయకుడు. వాళ్ళ పండగ భోజనాల్లో, మా ఆవిడ తలుపు తీయి, తలుపు మూయి అని రాస్తుంది, ఆ రెండూ నాకు పుట్టుకతోనే వచ్చు అని నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఇక ఆ ఆదివారం సంగతి. సూప్ తాగడం అయ్యాక సొరుగులోంచి మా మెషీన్ పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. “రేపు నువ్వు ఉతుకు. ఇది చదివి ఉతకగలిగితే నేను వెళ్తాను. లేకపోతే మానేస్తాను.”

“ఇంతేనా?” అన్నాడు. పందెం అంటే ఆయనకి సరదా.

నిజం చెప్పొద్దూ, నాకూ కుతూహలంగానే ఉంది. ఇన్నేళ్ళలో నా ఇంట్లో నా పుస్తకం తెరిచిన వాళ్ళు లేరు.

సోమవారం పొద్దున్న కళ్ళద్దాలు పెట్టుకుని స్నానాల గదిలో నిలబడ్డాడు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. గట్టిగా చదివాడు: “ఒకటి. మురికి బట్టలు మెషీన్‌లో వేయండి.” చుట్టూ చూశాడు. “ఏవీ?”

నేను చేతుల మీద ఇంకాస్త గట్టిగా కూర్చున్నాను.

“మురికి బట్టలు ఎక్కడుంటాయి, స్లావ్కా?”

ఊళ్ళో మంటలార్పే నీళ్ళ పంపులు ఎన్ని, ఏ గోడ పక్కన ఎన్ని అడుగుల్లో ఉన్నాయో నిద్రలో అడిగినా చెప్పే మనిషి. నలభై ఏళ్ళుగా తొట్టి పక్కన విప్పి పడేసినవి ఎటు పోతాయో తెలియదు. నోరు పడిపోయిందా అన్నాడు. నా నాలుక దురద పెట్టింది, బిగబట్టాను. తలుపు వెనక బుట్ట కనబడేసరికి పావుగంట. తక్కినదంతా నా పుస్తకం చెప్పినట్టే చేశాడు. తలుపు దగ్గర టక్కుమనేదాకా చెవి పెట్టి విన్నాడు కూడా. అది చూసి నాకు గుండె నిండిపోయింది. గంటన్నర తర్వాత మెషీన్ కూత పెట్టింది. చివరి వాక్యం సెలవు ప్రకటించినట్టు చదివాడు: “ఉతకడం అయిపోయింది.” పుస్తకం మూసి, టోపీ పెట్టుకుని, ఇనప గుండ్లు విసిరే ఆటకి వెళ్ళిపోయాడు.

బట్టలు మెషీన్‌లోనే ఉన్నాయి, తడిగా.

నేను లేవలేదు. అప్పుడు గుర్తొచ్చింది రెజ్కా. క్యాంటీన్‌లో గిన్నెలు తోమే రెజ్కాని ఒకసారి పరీక్షకి పిలిచాం. మెషీన్ కూత పెట్టగానే తడిబట్టలు చేతుల నిండా తీసి, గదంతా కలియజూసి, ఎక్కడ ఆరేయను అంది. అందరం పగలబడి నవ్వాం. పరీక్ష అయిపోయింది, అక్కడ పడేసి పో అన్నాం. అందరితో పాటు నేనూ నవ్వాను. పెన్సిల్ తీయలేదు. అన్నేళ్ళలో పరీక్షకి పిలిచిన వాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళకి బుట్ట ఎక్కడుంటుందో తెలుసు, ఆరేసే తీగ ఎక్కడుంటుందో తెలుసు. అందుకే ఉతకడానికి ముందు పనీ, తర్వాత పనీ పుస్తకంలోకి రానే లేదు. నేను చేసే పనిని నేనే రాయలేదు.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మంగళవారం వస్తున్నానన్నాను. ఒకటే కోరాను, ఈసారి పరీక్షకి మగవాళ్ళని పిలవండి, పెళ్ళైన వాళ్ళైతే మరీ మంచిదని.

రెండింటికి మా ఆయన వచ్చాడు. నాలుగింటికి దళం వాళ్ళ ఫోటో ఉంది, చొక్కా ఏదన్నాడు. మెషీన్ వైపు చూపించాను. ముడతలు పడ్డ తడి చొక్కా పైకెత్తి నిలబడ్డాడు.

“అయిపోయిందని నువ్వే గదా రాశావు,” అన్నాడు.

“అవును. తప్పు నీది కాదు, కాగితానిది.”

లేచి పెన్సిల్ తీసుకున్నాను. చివరి వాక్యం కొట్టేసి, కింద రాశాను: “ఇక్కడికి సగం పని అయింది. తీగ పెరట్లో ఉంది.” పుస్తకం ఆయన చేతికిచ్చి, మళ్ళీ వెళ్ళి చేతుల మీద కూర్చున్నాను.