నాకోసం పెట్టిన గడియ

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: బుజ్జిది ఏడుస్తుంటే నేను దాని దగ్గరికి వెళ్ళలేకపోవడం. అందుకే స్నానానికి వెళ్ళినా తలుపు పూర్తిగా వెయ్యను. అది నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వేలు తగిలి అది లేచి ఏడుస్తుంది. అప్పుడు నాకు కాస్త ధైర్యం.

టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సమ్మ దాన్ని తూచి, నా మొహం చూసి, బిడ్డ పెరుగుతోంది గానీ నువ్వు తరిగిపోతున్నావంది. ఫోను పక్కన పడేసి, ఎవరి గోలా లేకుండా, రోజుకో గడియ నీకోసం పెట్టుకోమంది. పక్కనున్న మా ఆయన బుద్ధిగా తలూపాడు.

ఆయన గేట్లూ, గోదాము తలుపులూ చేసే వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు. ఎనిమిదితో చదువాగిపోయిన నాకే గడియంటే కాసింత సమయమని తెలుసు. పది పాసైన ఆయనకు మాత్రం తలుపుకి ఉండేదొక్కటే గడియ. సాయంత్రం వస్తూ వస్తూ జానెడు ఇనుప గడియ తెచ్చి సామాన్ల గది తలుపుకి బిగించేశాడు. పెళ్ళయ్యాక నాకంటూ చేయించిన మొదటి నగ అదే. నూనె వేసి, అటూ ఇటూ జరిపి మురిపెంగా చూపించాడు. నర్సమ్మ చెప్పింది ఇది కాదండీ అనబోతే అత్తగారు కళ్ళతోనే నా నోరు మూయించారు. వాడంత ప్రేమగా చేస్తే వంకలు పెట్టకూడదట.

మర్నాడు మధ్యాహ్నం ప్రారంభోత్సవం. అత్తగారు నా చేతిలోంచి ఫోనూ, ఒళ్ళోంచి బుజ్జిదాన్నీ తీసుకున్నారు. గదిలో పాత పరుపు, కాలు విరిగిన కుర్చీ, ఖాళీ సీసాలు, నేను. కాళ్ళు చాపుకున్నానో లేదో బయట టక్కుమంది. బతుకంతా గోదాములకు తలుపులు చేసిన మనిషికి గడియ లోపలివైపు కూడా పెట్టొచ్చని తట్టలేదు. నన్నెవరూ కదిలించకూడదని అత్తగారు దాన్ని బయటినుంచి వేశారు. ఎంత శ్రద్ధో.

నా విశ్రాంతి మొదలైంది. అంటే, తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. కాసేపటికి బుజ్జిది ఏడ్చింది. తలుపు బాదాను. ఏడుపు పెరిగింది. అత్తయ్యా, అత్తయ్యా అని గొంతు పోయేదాకా అరిచాను. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. భుజంతో తలుపును గుద్దినకొద్దీ మా ఆయన పనితనం ఎంత గట్టిదో తెలిసొచ్చింది.

ఎప్పటికో తలుపు తెరుచుకుంది. అత్తగారి భుజం మీద బుజ్జిది ఆదమరిచి నిద్రపోతోంది. ఏడుపు ఆపకపోతే డాబా మీదికి తీసుకెళ్ళారట, గాలికి కునుకు పట్టిందట. నేను దాన్ని లాక్కుని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"అయిందా? ముగ్గుర్ని పెంచానే నేను. ఒక్కనాడు కూడా నన్నెవరూ గదిలో పెట్టి గడియ వెయ్యలేదు. వేస్తే బాగుండనుకునేదాన్ని."

సాయంత్రం మా ఆయన, ఎంత చేసినా ఈ ఇంట్లో మెప్పు ఉండదని గొణుగుతూ, గడియ విప్పి లోపలివైపు బిగించాడు.

ఇవాళ మధ్యాహ్నం నన్ను వెళ్ళమంటే నాకొద్దు బాబోయ్ అన్నాను.

"అయితే నేను పోతాలే," అన్నారు అత్తగారు.

లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నారు. నవ్వొచ్చింది, ఈవిడ ఏ ఉద్యోగంలో అలిసిపోయారో అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పొద్దు వాలింది. వీధి చివరికి వినపడే ఆవిడ గురక వినపడటం లేదు. ఒక్క దగ్గు కూడా లేదు. నా ఒళ్ళో బుజ్జిది ఇప్పుడే పడుకుంది. కదిలితే లేస్తుంది, పిలిస్తే లేస్తుంది. మా ఆయన ఇంకా రాలేదు. మీరెవరైనా ఇటుగా వస్తే, చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చి, ఎడమవైపు ఆ చిన్న తలుపు మెల్లగా తట్టి, అత్తయ్యగారూ, బాగానే ఉన్నారా అని ఒక్కమాట అడిగి చూడండి.