సాగదీసిన తూటాల డబ్బా

నేను ఒక పిస్తోలు పిడిలో దూరి ఉండే తూటాల డబ్బాని. పోలీసు భాషలో నా పేరు మ్యాగజైన్. ఇదే పేరుతో చదువుకునే పత్రికలు కూడా ఉంటాయట. నన్ను కొన్నాయన వాటినెన్నడూ ముట్టలేదు.

సర్కారు ఆయుధ కర్మాగారంలో పుట్టాను. ఇంతే పొడుగు, ఇన్నే తూటాలు అని సరిచూసి పంపారు. నాకది చాలింది. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ నడిపే పోలకం చిదంబరరావు గారికి చాలలేదు. ప్రాణభయం ఉందని చెప్పి ఆయన లైసెన్సు తెచ్చుకున్నారు. నిజానికి ఆయన్ని చంపాలనుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ లోటు ఆయన్ని లోలోపల తినేసేది.

ఒక పెళ్లికి పక్క క్వారీ యజమాని గన్‌మాన్‌ని వెంటేసుకొచ్చాడు. ఆ గన్‌మాన్ తుపాకీకి కిందికి వేలాడే పొడుగాటి మ్యాగజైన్. విస్తళ్ల ముందున్నవాళ్లంతా అటే చూశారు. ఆ రాత్రి చిదంబరరావు గారు నన్ను బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచారు.

మర్నాడు నన్ను పొడుగు చేయించాలని ఒంగోలులో తుపాకుల దుకాణానికి తీసుకెళ్లారు. అనుమతి లేకుండా ఆయుధాన్ని మారిస్తే చేసినవాడికీ చేయించినవాడికీ కేసు తప్పదని దుకాణదారు కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. కాఫీ తాగి, మాట వదిలేసి, క్వారీ యంత్రాలు బాగుచేసే మస్తాన్ లేత్ షెడ్డుకి వచ్చారు. మస్తాన్ వద్దన్నాడు. అలా అయితే క్వారీ పని వేరే షెడ్డుకి పోతుందన్నారు ఈయన. భార్య విశాలాక్షి కారులోంచి అంతా విన్నది. మస్తాన్ నాకు తోక అతికించాడు.

అది మొదలు చిదంబరరావు గారు పిస్తోలు నడుముకి దోపుకుని, నేను కనపడేలా చొక్కా పైకి మడిచి శుభకార్యాలకు వెళ్లేవారు. కూర్చున్నప్పుడల్లా నేను ఆయన పొట్టలో పొడిచేదాన్ని. నవ్వుతూనే భరించారు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించాలని ఉత్తర్వు. రాయుడిలా తిరిగినాయన మళ్లీ షెడ్డుకి పరుగెత్తారు. సాగదీయడం ఒక నేరమైతే, దాన్ని దాచడానికి కోయించడం ఇంకొకటి. మస్తాన్ కోసేశాడు గానీ అతుకు మచ్చ పోలేదు.

ఎస్సై హైమావతి నన్ను వెలుతురుకి పెట్టి చూసింది. శుభ్రం చేయమని ఇస్తే మస్తానే ఏదో చేశాడని చిదంబరరావు గారు చెప్పారు. మస్తాన్‌ని పిలిపించారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. భర్త వెంట వచ్చి అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న విశాలాక్షి లేచింది.

"పొడుగు చేపిచ్చింది ఈయనే, కోపిచ్చింది ఈయనే అమ్మా. ఆయబ్బి వద్దంటానే ఉన్నాడు. నేను విన్నా."

కేసు ఇద్దరి మీదా పడింది. చిదంబరరావు గారు సాయంత్రానికే బెయిలు మీద ఇంటికి చేరారు. మస్తాన్ తనకు పూచీ ఇచ్చేవాళ్లు దొరక్క జైల్లో ఉండిపోయాడు. చివరికి విశాలాక్షి తన పుట్టింటివాళ్ల చేత పూచీ ఇప్పించింది.

విచారణలో ఆయన వకీలు నన్ను పైకెత్తి చూపి, అతికించి కోసిన ఈ డబ్బాలో ఒక్క తూటా నిలవదు కాబట్టి ఇది మ్యాగజైనే కాదని వాదించాడు. చిదంబరరావు గారు గట్టిగా తలూపారు. నన్ను చూపించి మగాడిననిపించుకున్న మనిషి, నేను ఉత్త రేకుముక్కనని కోర్టును బతిమాలుకున్నారు. జడ్జి కళ్లద్దాలు తీశారు.

"తూటా నిలవకుండా చేసిందెవరు?"

వకీలు ఫైలు తిరగేశాడు. చిదంబరరావు గారు ఫ్యాను వైపు చూశారు.

"చేసింది నేనే సార్," అన్నాడు మస్తాన్. "చేపిచ్చింది ఆయన."

ఇద్దరికీ శిక్ష పడింది, మస్తాన్‌కి కాస్త తక్కువ. లైసెన్సు రద్దయింది. అప్పీలుకు గడువిచ్చి వదిలారు. బయట కారు తలుపు తీసి పట్టుకుని ఆయన పిలుస్తున్నా విశాలాక్షి వినిపించుకోలేదు. మస్తాన్ భార్య పక్కన సర్దుకుని ఆటోలో కూర్చుంది.

నన్ను ముక్కలు చేయమని ఉత్తర్వైంది. అందాకా పోలీసుల సామాన్ల గదిలో, పట్టుబడ్డ సారా బిందెల మధ్య ఉంటున్నాను. నా పొడుగెంతో ఇక్కడ ఎవరూ అడగరు.